మూడో నంబరు పంపుహౌస్ నాడి

రాజధానిలో జలస్పందన మిషన్ కార్యాలయంలో ఒక గోడ ఉంది. గోడ నిండా టీవీలు. టీవీల నిండా గళ్లు. రాష్ట్రంలో ఎన్ని పంపుహౌస్‌లు ఉన్నాయో అన్ని గళ్లు. పంపుహౌస్‌లోని కంట్రోలర్ ఆరోగ్యంగా ఉంటే గడి పచ్చగా వెలుగుతుంది. నలతగా ఉంటే పసుపు, జబ్బుపడితే ఎరుపు. కుళాయిలో నీళ్లు వస్తున్నాయా లేదా అన్నదానికి రంగు కేటాయించలేదు. అది గోడ పరిధిలోకి రాదు.

ఆ సోమవారం అద్దంపాడు మునిసిపాలిటీ మూడో నంబరు పంపుహౌస్ గడి ఎర్రగా ఉంది.

"అద్దంపాడు మూడు. లోడు నాలుగు. ఎవరది?" అన్నారు మిషన్ డైరెక్టర్ పరాంకుశం గారు వీడియో కాన్ఫరెన్సులో.

అద్దంపాడులో ఈఈ గారి గదిలో వెనక వరుస కుర్చీలోంచి ఏఈ నాగశిరోమణి లేచి నిలబడింది. "నేనే సార్."

"లోడు ఒకటి దాటరాదని సర్క్యులర్ ఇచ్చాం. చూశారా?"

"చూశాను సార్."

"మీరు చూశారు. మరి క్షేత్రస్థాయిలో అమలు చేశారా?"

సర్క్యులర్‌ను కంట్రోలర్‌కు ఎలా చదివి వినిపించాలో శిరోమణికి తెలియదు. ఈఈ త్రివిక్రమరావు గారు కెమెరాకు కనపడకుండా చెయ్యి ఆడించి, కూర్చోమని సైగ చేశారు. "వారంలోగా పచ్చ చేయిస్తాం సార్" అని ఆయనే హామీ ఇచ్చారు. వీడియో ఆగాక, "నాకు తెలీదమ్మా. ఎట్టా చేస్తావో ఏమో, పచ్చ కావాల" అని కాఫీ తెప్పించుకున్నారు.

శిరోమణికి రంగుతో పేచీ లేదు. ఆమె బాధ వేరు. మూడో నంబరు పంపుహౌస్ నీళ్లు ఎక్కేది కొండమిట్టకు. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తున, పైపులైను చివర ఉన్న వార్డు అది. తెల్లవారుజామున అయిదింటికి పంపు మొదలైతే నీళ్లు గుట్టెక్కుతాయి. ఆలస్యమైతే కింది వీధుల వాళ్లు కుళాయిలకు మోటార్లు తగిలించి దారిలోనే లాగేసుకుంటారు. అప్పుడు కొండమిట్ట కుళాయిల్లో గాలి వస్తుంది. శిరోమణి అద్దెకుండేది కొండమిట్టలోనే. ఆ వేసవిలో వారానికి నాలుగు రోజులు గాలే వస్తోంది.

ఇంటావిడ సౌభాగ్యమ్మ మెట్ల మీద బిందె బోర్లించి దానిమీద కూచుని ఉంది, శిరోమణి బండి దిగేసరికి.

"వొచ్చావా ఇంజినీరమ్మా. నీళ్లాపీసులో ఉజ్జోగం చేసేది నువ్వే, బిందె పట్టుకోని ట్యాంకరెనకాల ఉరికేదీ నువ్వేనాయె. ఇంక మాలాంటోళ్లం ఎవురికి చెప్పుకోవాల?"

"రేపు చూస్తా పిన్నిగారూ."

"చూడు తల్లీ. అంగన్‌వాడీ మూసి మూడ్రోజులు. పిల్లోళ్లకి వొండటానికి నీళ్లు లేవంట. రోజంతా నువ్వు చూసేది టీవీ అంటగా, మస్తాన్ చెప్పాడు."

మస్తాన్ పంపు ఆపరేటర్. మర్నాడు శిరోమణి పంపుహౌస్‌కు వెళ్లేసరికి వాకిట్లో వేపపుల్ల నములుతూ నిలబడి ఉన్నాడు.

"పెట్టె పొద్దున మళ్లీ పడకేసింది మేడమ్. ఆరిపోద్ది, ఎలిగిద్ది, ఆరిపోద్ది. పంపు మాటెత్తదు."

పెట్టె అంటే కంట్రోలర్. ప్యానెల్ లోపల రేకుపట్టీకి తగిలించి ఉంటుంది, టిఫిన్ డబ్బా అంత. లోపల లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ నడుస్తుంది. సంపులో నీళ్లెంత, పైట్యాంకులో నీళ్లెంత అని చూసి పంపు మొదలుపెట్టడం, ఆపడం దాని పని. ఆ పని ఆరేళ్లు బాగానే చేసింది.

శిరోమణి ల్యాప్‌టాప్ తీసి, పెట్టెకు తీగ కలిపి, లోపల ఎవరెవరు ఏం చేస్తున్నారో చూపించే ఆదేశం కొట్టింది. మస్తాన్ పుల్ల తీసి పక్కన పెట్టి వంగి చూశాడు.

"ఈ నాలుగేంది మేడమ్?"

"లోడు. రేషన్ షాపు అనుకో. లోపల గుమస్తా ఒక్కడే. అతని ముందు సగటున ఎంతమంది నిలబడి ఉన్నారో అదే లోడు."

"నాలుగంటే పెద్ద క్యూ ఏం కాదుగా."

"గుమస్తా తూకం వేసి పంపిస్తే కాదు. ఈ గుమస్తా తూకం వెయ్యట్లేదు, చూడు. ఖాళీగా ఉన్నాడు. ప్రతివాడూ వచ్చి రిజిస్టర్లో రాయమంటున్నాడు. రిజిస్టర్ అంటే ఈ మెమరీ కార్డు. అరిగిపోయింది, ఒక్క ముక్క రాయాలంటే చాలాసేపు పడుతోంది. అది రాసేదాకా అందరూ నిలబడాల్సిందే."

"ఎవురా రాయించేది?"

శిరోమణి తెర మీద వేలు పెట్టింది. వరుసలో నిలబడ్డవన్నీ ఒకే పేరు గలవి. నాడి.

నాడి అనేది మిషన్ వారు గత ఉగాదికి రాష్ట్రమంతటా ప్రవేశపెట్టిన ప్రోగ్రాం. క్షణానికి ఒకసారి అది కంట్రోలర్‌ను ఎలా ఉన్నావని అడుగుతుంది. జవాబు కార్డులో రాస్తుంది. రాజధానికి పంపుతుంది. అది రాయడం పూర్తయ్యేలోపు ఇంకో నాడి వచ్చి వెనక నిలబడుతుంది. పంపు నడిపే ప్రోగ్రాం కూడా ట్యాంకు మట్టం రాసి గాని మోటారు మొదలుపెట్టదు కాబట్టి అదీ అదే వరుసలో ఉంది. చాలాసేపు దాని ఉలుకూ పలుకూ లేకపోతే పెట్టె తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. మొదలైన వెంటనే అందరికన్నా ముందు వచ్చి నిలబడేది నాడి.

"జబ్బు చూడ్డానికి వొచ్చినోడే జబ్బన్నమాట" అన్నాడు మస్తాన్.

శిరోమణి నాడిని ఆపింది. కాసేపటికి లోడు సున్నాకు దగ్గరగా వచ్చి ఆగింది. మర్నాడు అయిదింటికి పంపు మొదలైంది. కొండమిట్టలో కుళాయి ధారగా పోసింది. సౌభాగ్యమ్మ రెండు పెసరట్లు, అల్లప్పచ్చడి ప్లేటులో పెట్టి పైకి పంపింది. అంగన్‌వాడీ తెరిచారు.

రాజధానిలో గడి నల్లబడింది.

నలుపు అంటే కంట్రోలర్ మరణించినట్టు. గోడ ఏర్పాటైన తర్వాత అదే మొదటి మరణం. త్రివిక్రమరావు గారు ఫోన్ చేశారు. "ఏందమ్మా చంపేశావంట?"

"బాగుంది సార్. నీళ్లొస్తున్నాయి."

"నీళ్ల సంగతి ఎవురడిగారు? శవం మీద విచారణ అంటన్నారు పైన."

శిరోమణి నివేదిక రాసింది. రెండే వాక్యాలు. లోడుకు కారణం నాడి ప్రోగ్రాం. దాన్ని ఆపగా లోడు తగ్గినది. మిషన్ నుంచి జవాబు వచ్చింది.

"మీ నివేదిక పరిశీలించడమైనది. నాడి ఆపిన కాలంలో లోడు తగ్గినట్లు నాడిలో ఎక్కడా నమోదు కాలేదు. నమోదు కాని తగ్గుదలను తగ్గుదలగా పరిగణించుటకు నిబంధనలు అనుమతించవు. కావున లోడు తగ్గలేదు. సదరు నాడిని తక్షణమే పునరుద్ధరించి, అది లోడుకు కారణమగునో కాదో నిర్ధారించుటకు కన్సల్టెంటును పంపుచున్నాము. వారికి సహకరించగలరు."

కన్సల్టెంటు పేరు నిఖిలేశ్. కారు దిగి, బూట్లకు అంటిన బురద చూసుకుని, లోపలికి వచ్చాడు.

"మేడమ్, మీ ప్రాబ్లం విజిబిలిటీ."

"మా ప్రాబ్లం నీళ్లండీ."

"నీళ్లు డౌన్‌స్ట్రీమ్ మేడమ్. ముందు రూట్ కాజ్‌కి వెళదాం. నాడి వల్ల లోడు పెరుగుతోందని మీ హైపాథసిస్. గుడ్. దాన్ని మెజర్ చెయ్యాలి కదా? నాడిని చూసే టూల్ ఏదీ లేదు."

"నాడిని ఆపి చూస్తే తెలుస్తుంది. నేను చూశాను."

"ఆపితే ఏం కనిపిస్తుంది మేడమ్, అది ఆగిపోయి ఉంటుంది కదా."

అతను నాడిని మళ్లీ మొదలుపెట్టి, ఉపనాడి అనే ప్రోగ్రాం ఎక్కించాడు. నాడి సరిగ్గా నడుస్తోందా అని అది అరక్షణానికి ఒకసారి చూస్తుంది. చూసింది కార్డులో రాస్తుంది. లోడు ఏడయింది. నిఖిలేశ్ తెరను ఫోటో తీసుకున్నాడు.

"చూశారా? ఇంతకుముందు కనపడని లోడంతా ఇప్పుడు బయటికొస్తోంది. సూపర్ ఫైండింగ్ మేడమ్ ఇది. మీ పేరు కూడా వేస్తాను."

ఆ ఫైండింగ్ రాజధానిలో చప్పట్లు కొట్టించుకుంది. అద్దంపాడు మూడులో ఏదో ఉందని మిగతా విభాగాలకు తెలిసింది. విజిలెన్సు విభాగం తన ప్రోగ్రాం పంపింది, ఎవరైనా లోడును దాచిపెడుతున్నారేమో చూడటానికి. ఇంధన పొదుపు విభాగం ఒకటి పంపింది, లోడు చూడటానికి ఎంత కరెంటు ఖర్చవుతోందో చూడటానికి. ఆడిట్ వారు ఒకటి, వేసవి కార్యాచరణ వారు ఒకటి, నాణ్యత వారు ఒకటి, భద్రత వారు ఒకటి, శిక్షణ వారు ఒకటి. ప్రతి ప్రోగ్రాంతోపాటు ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఉత్తర్వులోనూ ఇది అత్యంత ముఖ్యమైనదని ఉంది.

మిషన్ వారు "మన లోడు, మన బాధ్యత" వారోత్సవాలు ప్రకటించారు. హైస్కూలు పిల్లల చేత బస్టాండు దాకా ర్యాలీ చేయించారు. త్రివిక్రమరావు గారు సిబ్బంది చేత ప్రతిజ్ఞ చేయించారు. "నా కంట్రోలర్ లోడును నా సొంత లోడుగా భావిస్తాను" అని అందరూ చెయ్యి చాచి చెప్పారు. పంపుహౌస్‌లో గోడకు పెద్ద టీవీ బిగించారు, లోడు ఎప్పటికప్పుడు ప్రజలకు తెలియడానికి. పంపుహౌస్‌కు ప్రజలు రారు. టీవీలో బొమ్మలు గీసే పని కూడా కంట్రోలర్‌కే అప్పగించారు.

లోడు పదకొండుకు చేరింది. పెట్టె పొద్దుటిపూట లేవడం మానేసింది.

కొండమిట్ట ఆడవాళ్లు బిందెలతో వచ్చి శిరోమణి గుమ్మం ముందు కూచున్నారు. అరవలేదు. అరిస్తే జవాబు చెప్పొచ్చు. వాళ్లు ఊరికే కూచున్నారు. సౌభాగ్యమ్మ ఒక్కతే మాట్లాడింది.

"అంగన్‌వాడీ మళ్లా మూశారు. మొన్న నీళ్లిచ్చావు. ఇయ్యగలవని తెలిసిపోయింది. ఇంక చేతకాదంటే నమ్మం తల్లీ."

శిరోమణి ఈఈ గారికి ఫోన్ చేసి, రేపు నాడి ఆపేస్తానని చెప్పింది. "ఆపకమ్మా. రేపు డైరెక్టర్ గారే వొస్తున్నారు, కమిటీతో" అన్నారాయన. "నీ పంపుహౌస్ కాడ షామియానా ఎయ్యాల. మంచినీళ్లు తెప్పించు, క్యాన్లు."

పరాంకుశం గారు వచ్చారు. షామియానా కింద కూచున్నారు. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి, ప్రతి మాటా నోట్ అవుతుందన్న నమ్మకం ఉన్న మనిషి. నిఖిలేశ్ ప్యానెల్ తలుపు తీసి, పెట్టెలో నడుస్తున్న ప్రోగ్రాంల పేర్లు వరుసగా చదివాడు. పదకొండు.

"లోడు ఎంత?"

"పదకొండు సార్."

"ప్రోగ్రాంలు పదకొండు, లోడు పదకొండు. అంటే తలకు ఒకటి." పరాంకుశం గారు కమిటీ వైపు చూశారు. కమిటీ తల ఊపింది. "వీటిలో ఎన్నింటికి ఉత్తర్వులు ఉన్నాయి?"

త్రివిక్రమరావు గారు ఫైలు తిప్పారు. "పదింటికి ఉన్నాయండి."

"అంటే ప్రభుత్వం అనుమతించిన లోడు పది. అదనంగా ఉన్నది ఒకటి. సమస్య ఆ ఒక్కటే. ఉత్తర్వు లేనిది ఏది?"

నిఖిలేశ్ చూసి చెప్పాడు. "ఇది సార్. పంప్‌రన్."

శిరోమణి ముందుకు వచ్చింది. "సార్, పంపు నడిపేది అదేనండి."

"నేనడిగింది ఉత్తర్వు."

"పెట్టె పెట్టిన రోజునుంచీ ఉంది సార్. దానికోసమే పెట్టె పెట్టాం."

"ఎవరు పెట్టారు?"

"కాంట్రాక్టరు."

"ప్రైవేటు వ్యక్తి." పరాంకుశం గారు కళ్లజోడు తీశారు. "ఏమ్మా, ప్రభుత్వ పెట్టెలో పది ప్రోగ్రాంలు అధికారికంగా సేవలు అందిస్తున్న చోట ఈ పదకొండోది ఏ హోదాలో కొనసాగుతున్నట్టు? ఆరేళ్లుగా? ఇన్ని తనిఖీలు జరిగాయి, ఒక్కరూ గమనించలేదు. నాడి వచ్చింది కాబట్టి బయటపడింది."

"అది తీసేస్తే పంపు నడవదు సార్."

"పంపు నడపడం క్షేత్రస్థాయి అంశం. దానిలో మేం జోక్యం చేసుకోం."

త్రివిక్రమరావు గారు శిరోమణి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. నిఖిలేశ్ ఆదేశం కొట్టాడు. గోడమీది టీవీలో అంకె పదకొండు నుంచి దిగి తొమ్మిది చిల్లర దగ్గర నిలిచింది. పది ఉత్తర్వులున్న చోట పది దాకా లోడు న్యాయమేనని కమిటీ అక్కడికక్కడే తీర్మానించింది. రాజధానిలో గడి పచ్చబడింది. ఎవరో ఫోన్‌లో ఆ గడి ఫోటో తెప్పించి డైరెక్టర్ గారికి చూపించారు. క్యాన్లలో నీళ్లు మిగిలిపోయాయి. మస్తాన్ వాటిని కొండమిట్టకు పంపించాడు.

జీపులు వెళ్లిపోయాక అతను ప్యానెల్ దగ్గరకు వచ్చి, కింద మూలన ఉన్న మీట చూపించాడు. పెట్టె రాకముందు అందరూ వాడి, వచ్చాక మరిచిపోయిన మీట అది. ఒక పక్కకు తిప్పితే పంపు పెట్టె చేతిలో ఉంటుంది, ఇంకో పక్కకు తిప్పితే మనిషి చేతిలో.

"దీన్ని ఎవురూ పీక్కపోలేదు మేడమ్. నేను పొద్దున్నే వొచ్చి నొక్కుతాలే."

మర్నాడు అయిదింటికి మస్తాన్ మీట మనిషి వైపుకు తిప్పి, పచ్చబొత్తాం నొక్కి, మోటారు పుంజుకున్నాక పెద్ద వాల్వు చక్రం తిప్పాడు. నీళ్లు గుట్టెక్కాయి. కొండమిట్టలో బిందెలు నిండాయి. పైన పెట్టె తన పది ప్రోగ్రాంలతో తాను ఎంత తీరిక లేకుండా ఉందో రాజధానికి చెప్పుకుంటూ పోయింది. ఇద్దరూ ఒకరి జోలికి ఒకరు వెళ్లలేదు. పంద్రాగస్టుకు శిరోమణికి ఉత్తమ లోడు నిర్వహణకు శాలువా కప్పారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. రాజధానిలో ఇంకొకరు ఇంకో గోడ చూస్తున్నారు. దానిలో ట్యాంకులు ఉంటాయి. కొండమిట్ట ట్యాంకు రోజూ నిండుతోంది. పంపు మాత్రం ఒక్క నిమిషమూ నడిచినట్టు ఏ ప్రోగ్రాంలోనూ లేదు. పంపు నడవకుండా ట్యాంకు ఎలా నిండిందో తెలపమని లేఖ వచ్చింది. శిరోమణి ఉన్నది ఉన్నట్టు రాసింది. మస్తాన్ నొక్కుతున్నాడు.

"సదరు మస్తాన్ గారి నాడి గోడపై లేదు" అని జవాబు వచ్చింది. దానితోపాటు మస్తాన్ చేతిలో పెట్టుకోవడానికి ఒక కొత్త ఫోను కూడా పంపారు. అది నిమిషానికోసారి గంట కొట్టి "మీరు పనిలో ఉన్నారా?" అని అడుగుతుంది. అవును, కాదు అని రెండు గుర్తులుంటాయి. వెంటనే నొక్కకపోతే ఎందుకు నొక్కలేదో కారణం రాయాలి. కారణం రాస్తున్నప్పుడు మళ్లీ గంట కొడుతుంది.

ఆ వారం కొండమిట్టలో మళ్లీ గాలి వచ్చింది. శిరోమణి తెల్లవారుతుండగానే పంపుహౌస్‌కు వెళ్లింది. మస్తాన్ కళ్లజోడు ముక్కుమీదికి జారి, ఫోను చేతిలో పట్టుకుని, వాల్వుకూ ప్యానెల్‌కూ మధ్యన నిలబడి ఉన్నాడు. మోటారు మొదలుకాలేదు.

"ఏందిది మస్తాన్?"

"పన్లో ఉన్నావా అని అడుగుద్ది మేడమ్. ఉన్నా అని చెప్పాలంటే పని ఆపాల. వాల్వు కాడికి పోతే గంట. వొచ్చి నొక్కి, కళ్లజోడు తీసి, మళ్లా పోతే మళ్లా గంట. వాల్వుకి రెండు చేతులూ కావాల, దీనికొకటి." ఫోను మోగింది. అతను ఉలిక్కిపడి వెతికి నొక్కాడు. "కాదు నొక్కానా?"

శిరోమణి పెట్టె వైపు చూసింది. మస్తాన్ వైపు చూసింది. ఈ జబ్బు ఆమెకు తెలుసు. మందు కూడా తెలుసు. ఆపితే మాత్రం గడి నల్లబడుతుంది, ఈసారి విచారణ మస్తాన్ శవం మీద.

"ఇట్టా ఇవ్వు దాన్ని" అంది.

ఫోను తీసుకుని బండి మీద కొండమిట్టకు వచ్చింది. సౌభాగ్యమ్మ మెట్ల మీదే ఉంది.

"పిన్నిగారూ, ఇది గంట కొట్టినప్పుడల్లా ఈ పచ్చది నొక్కాలి. నొక్కితే నీళ్లొస్తాయి."

"ఇదా నీ పంపు? ఇంత చేస్తే కొండెక్కుతాయా నీళ్లు?"

"మీరు నొక్కుతుంటే మస్తాన్‌కి చేతులు ఖాళీ అవుతాయి."

సౌభాగ్యమ్మ ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏం రాశాడిందులో?"

"పనిలో ఉన్నారా అని."

"నన్నెవురూ ఎప్పుడూ అడగలేదే ఆ మాట" అంది సౌభాగ్యమ్మ, పచ్చది నొక్కుతూ.

ఆ తరవాత ఆవిడ ఒక్క గంట కూడా తప్పలేదు. పప్పు పోపు వేస్తూ నొక్కింది. పేరంటంలో నొక్కింది. పక్కింటి గొడవలో రెండు మాటలకు మధ్య ఆగి నొక్కింది. కొండమిట్టలో నీళ్లు ధారగా వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద ఆపరేటర్ల నాడిలో మస్తాన్ మొదటి స్థానానికి వచ్చాడు.

సోమవారం వీడియోలో పరాంకుశం గారు గోడమీద అద్దంపాడు పటం పెద్దది చేయించారు. "మస్తాన్ గారి ఫోను ఎక్కడుందో చూడండి."

శిరోమణి లేచి నిలబడింది. ఫోను చుక్క కొండమిట్టలో, సౌభాగ్యమ్మ మెట్ల మీద మెరుస్తోంది. పంపుహౌస్ అక్కడికి అయిదు కిలోమీటర్లు. త్రివిక్రమరావు గారు కుర్చీ కొంచెం జరిపి ఆమెకు దూరంగా వేసుకున్నారు.

"సార్, అది..." అంది శిరోమణి.

"ఆపరేటర్ పంపుహౌస్‌లో లేడు. కొండమిట్టలో ఉన్నాడు. అయినా పంపు నడుస్తోంది, ట్యాంకు నిండుతోంది, ఒక్క నాడి తప్పలేదు." పరాంకుశం గారు పటం ఇంకా పెద్దది చేయించారు. "మనం ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదే. వినియోగదారుడి గుమ్మంలో నిలబడి పంపు నడపడం. త్రివిక్రమరావు గారూ, ఇది మీ ఆలోచనా?"

త్రివిక్రమరావు గారు కుర్చీ మళ్లీ దగ్గరికి జరుపుకున్నారు. "మా టీమ్ వర్క్ సార్."

ఉత్తర్వులు వచ్చాయి. రాష్ట్రంలోని పంపు ఆపరేటర్లందరూ ఒకటో తారీఖు నుంచి పైపులైను చివరి వార్డులో విధులు నిర్వర్తించాలి. పంపుహౌస్‌లన్నీ మానవరహిత ప్రాంగణాలుగా ప్రకటించడమైనది. తలుపులకు తాళాలు వేసి, తాళంచెవులు ఏఈల వద్ద భద్రపరచాలి.

ఒకటో తారీఖున తెల్లవారకముందే మస్తాన్ తన కుర్చీ ఆటోలో వేసుకుని కొండమిట్టకు వచ్చాడు. సౌభాగ్యమ్మ మెట్ల పక్కన వేసుకుని కూచున్నాడు. ఫోను ఇమ్మని చెయ్యి చాచాడు.

"నీకు చేతకాదులే, కూచో" అంది ఆవిడ. గంట కొడితే పచ్చది నొక్కి అడిగింది. "నువ్విక్కడుంటే అక్కడ నొక్కేదెవురు?"

మస్తాన్ గుట్ట కింది రోడ్డు వైపు చూశాడు.

శిరోమణి అప్పటికే పంపుహౌస్ తాళం తీసింది. లోపల గోడమీది టీవీ పది ప్రోగ్రాంల లోడును బొమ్మలు గీసి ఖాళీ గదికి చూపిస్తోంది. ఆమె మీట మనిషి వైపుకు తిప్పింది. బొత్తాం మీద వేలు పెట్టేసరికి చేతిసంచీలో ఆమె ఫోను మోగింది. మిషన్ నుంచి. ఏఈలందరికీ పంపిన కొత్త ప్రశ్న.

"మానవరహిత ప్రాంగణంలో ఎవరైనా ఉన్నారా?"

కింద రెండు గుర్తులున్నాయి. ఉన్నారు, లేరు.

అయిదు కావస్తోంది. కింది వీధుల్లో ఇంకా మోటార్లు లేవలేదు. శిరోమణి లేరు నొక్కింది. తరవాత పచ్చబొత్తాం నొక్కి, ఫోను కిందపెట్టి, రెండు చేతులతో వాల్వు చక్రం పట్టుకుంది.